ముందు పెట్టె

నేను ఒక టీపొడి పెట్టెను. ప్లైవుడ్ పలకలు, అంచుల వెంట తగరపు రేకు, రేకు మీద వరసగా చిన్న మేకులు, లోపల వెండిలా మెరిసే కాగితం. నీలగిరుల్లో ఒక టీ ఫ్యాక్టరీ షెడ్డులో నన్ను బిగించిన మనిషి ముఖం గుర్తులేదు గానీ, అతని చేతివేగం గుర్తుంది. రోజుకి నాలాంటివాళ్ళని అరవై మందిని పుట్టించేవాడు. నాలో టీపొడి నింపి, మూత కొట్టి, రైలెక్కించారు. నెల్లూరు జిల్లా బిట్రగుంటలో, రైల్వే క్యాంటీన్ ముందు దిగాను. వచ్చే పోయే గార్డులూ డ్రైవర్లూ కలిసి నెల తిరక్కుండా నన్ను ఖాళీ చేసేశారు. ఇక పొయ్యిలోకే అనుకుంటూ క్యాంటీన్ వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాను.

అక్కణ్ణించి నన్ను భుజాన వేసుకుపోయినవాడు పెంచలయ్య. అప్పటికి అతనికి పెళ్ళయి నాలుగు నెలలు. యార్డులో గూడ్సు బండ్ల చక్రాలు పరీక్ష చేసే ఉద్యోగం. బండి ఆగగానే పొడుగుపిడి సుత్తి పట్టుకుని పక్కనే నడుస్తూ, ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి వినేవాడు. మంచి చక్రం గంటలా మోగుతుందట, పగులున్న చక్రం గొంతు రాసుకుపోయినవాడిలా పలుకుతుందట. ఆ సంగతులు ఇంటికొచ్చి భార్య కామాక్షికి చెప్పేవాడు. ఆవిడ బియ్యం ఏరుకుంటూ వినేది.

నన్ను తెచ్చింది ఇల్లు మారడానికి. అద్దె గదినుంచి రైల్వే క్వార్టరుకి వెళ్తున్నారు. ఉన్నదల్లా ఒక మంచం, రెండు బుట్టల గిన్నెలు. ఈ మాత్రానికి ఆలోచించేదేముందని, కంటికి కనిపించింది కనిపించినట్టు నాలో కూరారు. చీపురు పక్కన దేవుడి పటం, దాని మీద కిరసనాయిలు స్టవ్వు. కొత్త ఇంట్లో కాఫీ ఫిల్టరు కనిపించలేదు. పందొమ్మిది రోజులు గుడ్డలో వడగట్టుకుని తాగారు. ఇరవయ్యో రోజున పరుపు ఎండలో వేస్తే దాని మడతలోంచి ఫిల్టరు దొర్లింది. పెంచలయ్య పడీ పడీ నవ్వాడు. కామాక్షికి మాత్రం నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఏడేళ్ళకి పెద్ద క్వార్టరు వచ్చినప్పుడు ఆవిడ ఒక పొడుగు నోటుపుస్తకం కొంది. ఏ పెట్టెలో ఏముందో, అది ఏ గదిలోకి పోవాలో వరసగా రాసింది. నన్ను మాత్రం విడిగా ఉంచింది. కొత్త ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రెండు గంటల్లో ఏవేవి కావాలో అవన్నీ నాలో పెట్టింది. అగ్గిపెట్టె, కాఫీపొడి, ఫిల్టరు, రెండు గ్లాసులు, సబ్బు, తువ్వాలు, కొవ్వొత్తి, కత్తెర. అన్నింటికన్నా చివర ఎక్కించి, అన్నింటికన్నా ముందు దించారు. ఆరోజునుంచి నా పేరు ముందు పెట్టె. మనుషులకి బిరుదులిచ్చినప్పుడు వాళ్ళు ఎందుకు అంత ఉబ్బిపోతారో నాకు అప్పుడు అర్థమైంది.

పెద్ద క్వార్టరుకి వచ్చిన నాలుగేళ్ళకి పెంచలయ్యకి చూపు తగ్గడం మొదలైంది. మొదట సాయంత్రాలు మసకగా ఉందన్నాడు. తర్వాత పక్కనున్న మనుషులు కనిపించడం లేదన్నాడు. నెల్లూరులో, మద్రాసులో చూపించారు. కంటి వెనక పొర ఎండిపోతోందనీ, చేసేదేమీ లేదనీ చెప్పారు. నలభై ఆరో ఏటికి అంతా చీకటైపోయింది. రైల్వేవాళ్ళు ఆఫీసులో టెలిఫోన్ దగ్గర కూర్చునే పని ఇచ్చారు. ఆ క్వార్టరుని అతను చేతులతో, కాళ్ళతో మళ్ళీ నేర్చుకున్నాడు. మొదటి రెండేళ్ళు మోకాళ్ళ మీద ఎప్పుడూ కమిలిన మచ్చలే. తర్వాత తర్వాత, తెలియనివాళ్ళు చూస్తే ఇతనికి చూపు లేదంటే నమ్మేవాళ్ళు కాదు. కుండలో నీళ్ళు ముంచుకునేవాడు, రేడియో పెట్టుకునేవాడు, దండెం మీద తన చొక్కా తానే తీసుకునేవాడు. అలా పద్నాలుగేళ్ళు గడిచాయి.

రిటైరయ్యాడు. నాలుగు నెలల్లో క్వార్టరు ఖాళీ చేయాలి. కావలిలో వాళ్ళు చిన్న ఇల్లు కట్టుకున్నారు. ముందు వరండా, హాలు, పడకగది, వంటగది. కామాక్షి తమ్ముడు మాలకొండయ్య అక్కడే ఎరువుల కొట్టు నడుపుతాడు. దగ్గరుండి కట్టించింది అతనే. అంతా సవ్యంగా ఉంది. కానీ ఇల్లు మారే మాటెత్తితే పెంచలయ్య లేచి వాకిట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అన్నాడు. "నేను రాలేను కామాక్షీ. నువ్వు పో."

"నేను పోతే నువ్వు యాడుంటావు? ప్లాట్‌ఫారం మీదా?"

"ఇక్కడ పడక కాణ్ణించి కుళాయికి పదకొండు అడుగులు. వాకిలికి తొమ్మిది. చెంబు యాడుండాదో నా చేతికి తెలుసు. ఆడికి పోతే నాకేం తెలుసు? నీళ్ళు కావాలన్నా నిన్నే పిలవాల, దొడ్లోకి పోవాలన్నా నిన్నే పిలవాల." అతని చెయ్యి కంచం అంచు మీద ఆగిపోయింది. "మళ్ళీ మొదట్నించీ గుడ్డోణ్ణి కావాల. అది నా వల్ల కాదు మే."

కామాక్షి కూర వడ్డించింది. అతను తినేదాకా ఆగి చెప్పింది. "నీకు తెలీకుండా ఈ ఇంట్లోంచి ఒక్క గరిటె కూడా బయటికి పోదు. నీకు తెలీకుండా ఆ ఇంట్లో ఒక్క గరిటె కూడా కూర్చోదు. సరేనా?"

మర్నాడు ఆవిడ పాత నోటుపుస్తకం తీసింది, ఒక పెద్ద పురికొస ఉండ తెచ్చింది.

నెల ముందునుంచీ పని మొదలైంది. రోజుకి ఒక్క అలమర, అంతకుమించి ముట్టుకునేది కాదు. తీసిన ప్రతి వస్తువునూ పెంచలయ్య చేతిలో పెట్టి అడిగేది, ఉంచాలా, ఎవరికైనా ఇచ్చేయాలా అని. ఇల్లు మారేముందు మనుషులకి తమ సామాన్ల మీద పుట్టే ప్రేమ చూస్తే నాలాంటి పెట్టెకి నవ్వొస్తుంది. పదేళ్ళుగా అటక మీద పడున్న ఇడ్లీ రేకుల్ని, కాడ ఊడిన గొడుగుని, చేతిలోకి తీసుకోగానే వదలలేరు. "ఉండనీలే" అనేవాడు పెంచలయ్య. అయిదో రోజుకి ఉండనీలే గుట్ట మోకాలెత్తు పెరిగింది. ఆరో రోజు కామాక్షి అడగడం మానేసి, "ఇది నీ చెల్లెలికి పనికొస్తాది" అని చెప్పడం మొదలుపెట్టింది. ఎవరికో పనికొస్తుందంటే అతను వెంటనే వదిలేసేవాడు. గొడుగు కూడా అలాగే వెళ్ళిపోయింది.

మిగిలినవన్నీ ఇరవై ఏడు అట్టపెట్టెల్లో సర్దింది. ఒక్కొక్క పెట్టెకీ పురికొస కట్టి, దాని కొసకి ముడులు వేసింది. ఒక ముడి అయితే వంటగది, రెండైతే దేవుడి సామాను, మూడైతే బట్టలు, నాలుగైతే అచ్చంగా పెంచలయ్య వస్తువులు. పక్కన సుద్దముక్కతో అంకె వేసుకుంది, పుస్తకంలో రాసుకోవడానికి. ముడులు మాత్రం అతని కోసం. సాయంత్రాలు అతను పెట్టెల మధ్య తిరుగుతూ పురికొసలు తడుముకుని, "ఇది వంటిల్లు, ఇది నా రేడియో" అని తనలో తాను చెప్పుకునేవాడు. ఎప్పటిలాగే కాఫీ సామాను నాలోకే గనక నాకు ముడి వేయలేదు. నా తగరపు అంచు చాలు గుర్తు పట్టడానికి.

మధ్యలో మూడుసార్లు ప్యాసింజరు రైల్లో కావలి తీసుకెళ్ళింది. ఖాళీ ఇంట్లో గోడ గోడా తడిమించింది, అడుగులు లెక్కపెట్టించింది. తిరిగొచ్చాక అతను, "ఖాళీ ఇల్లు ఊరికే మోగతా ఉండాది. సామాన్లు పడితే ఎట్టుంటదో" అన్నాడు. ఆవిడ పుస్తకంలో ఒక పేజీ తెరిచి గీతలు గీసింది. ఈ క్వార్టరులో ఏది ఎక్కడుందో, అక్కడా అది అక్కడే ఉండేలా. అప్పుడు అతనికి మారినట్టే ఉండదని ఆవిడ ఆశ.

బయల్దేరే ముందురోజు సాయంత్రం ఇద్దరూ ఇరుగుపొరుగుకి చెప్పి రావడానికి వెళ్ళారు. అదే సమయానికి మాలకొండయ్య ఇద్దరు హమాలీలతో దిగాడు. మంచివాడు, పనిమంతుడు. ఒక్క నిమిషం ఊరికే కూర్చోలేడు. తూర్పున మబ్బు పట్టి ఉంది. అట్టపెట్టెల్ని చూశాడు, మబ్బుని చూశాడు. తన కొట్టునుంచి తెచ్చిన తెల్లటి ఎరువుల సంచులు విప్పాడు. ఇరవై ఏడు పెట్టెల్నీ సంచుల్లో దించి, గోనెసూదితో మూతులు కుట్టించేశాడు.

కామాక్షి తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇల్లంతా ఒక్క తీరు తెల్లమూటలు.

"ఇదేందిరా?"

"వానొస్తే నీ అట్టపెట్టెలన్నీ నాని ముద్దయి పోతాయక్కా. ఇప్పుడు చూడు, ఒక్క చుక్క దూరదు."

"నా ముళ్ళేవిరా?"

"ముళ్ళా? యాడ గుచ్చుకున్నాయక్కా, కాలికా?"

ఆవిడ నుదురు కొట్టుకుని మంచం మీద కూర్చుంది. సంగతి విని పెంచలయ్య ఒక మూట మీద చెయ్యి వేశాడు. నున్నటి ప్లాస్టిక్ సంచి. ఇంకో దాని మీద వేశాడు. అదీ అంతే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ కుట్లు విప్పడానికి వ్యవధి లేదు, పొద్దున్నే లారీ.

మర్నాడు ఇంకో మర్యాద జరిగింది నాకు. "ఇది గట్టిది, అడుగున పడాల" అని మాలకొండయ్య నన్ను మొట్టమొదట లారీ ఎక్కించి లోపలి మూలకి తోశాడు. ముందు పెట్టె అన్న బిరుదు అలా ఊడింది. మిగతావన్నీ నా మీద పడ్డాయి. బోగోలు దాటగానే నిజంగానే వాన కురిసింది. లారీ వెనక కూర్చున్న మాలకొండయ్య తడిసి ముద్దవుతూ కూడా సంబరపడ్డాడు. అతని లెక్కే నిజమైంది. ఒక్క పెట్టె తడవలేదు. మనుషుల్లో ఇదొక చిక్కు. ఇద్దరూ సరైన పనే చేస్తారు, రెండూ కలిస్తే గందరగోళం అవుతుంది.

కావలిలో హమాలీలు మూటలన్నీ హాలు మధ్యలో గుట్టవేసి వెళ్ళిపోయారు. చివర దిగిన నాకు లోపల చోటు లేదు. వరండాలోనే వదిలేశారు. పెంచలయ్య కర్ర పట్టుకుని గుమ్మం దాటాడు. రెండో అడుగుకే మోకాలికి మూట తగిలింది. పక్కకి జరిగితే ఇంకొకటి. ఎటు కర్ర చాచినా మూటలే. నేర్చుకున్న గోడలు ఒక్కటీ చేతికందలేదు. మెల్లిగా వెనక్కి వచ్చి, కాలికి తగిలిన నా మీద కూర్చున్నాడు. అతని బరువు నాకు తెలిసిందే. కానీ ఆరోజు కూర్చున్న తీరు వేరు. పెట్టిన సామానులా కూర్చున్నాడు.

లోపల కామాక్షి నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని మూటల మధ్య కూలబడింది. నెల రోజులు కంటనీరు పెట్టని మనిషి అప్పుడు ఏడ్చింది. "ఆ మనిషికి గుక్కెడు కాఫీ పోసిద్దామన్నా ముందు పెట్టె ఏ మూటల కింద పడుండాదో తెలీదు గదరా."

"దానికేం, అన్నీ కోసేస్తా" అని మాలకొండయ్య కత్తి తీశాడు.

"అన్నీ ఒకేసారి కోస్తే ఇల్లంతా పరుచుకుంటాది. మీ బావ అడుగు యాడ పెడతాడు?"

బయట పెంచలయ్య వేళ్ళు తోచక నా పలక మీద కొట్టుకుంటున్నాయి. టకటక, టకటక. ఉన్నట్టుండి ఆగాయి. మళ్ళీ ఒకసారి, గట్టిగా, కాస్త కిందగా కొట్టాడు. నా లోపల ఇత్తడి ఫిల్టరు గ్లాసుకి తగిలి సన్నగా మోగింది. తల వంచి విన్నాడు. యార్డులో చక్రం పక్కన అలాగే వంగేవాడేమో, నేను చూడలేదు.

"కామాక్షీ," అన్నాడు. "కాఫీ ఫిల్టరు మీద కూర్చోనుండా నేను."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. అతను అప్పటికే లేచి నిలబడ్డాడు. "కత్తి పక్కన పెట్టు మాలకొండయ్యా. ఊరికే కొయ్యబాక. ఒక్కొక్క మూటా నా ముందుకి తీసుకురా."

మొదటి మూట తెచ్చి పెట్టాడు. పెంచలయ్య చేతికర్ర మొనతో మూడుచోట్ల కొట్టాడు. "గిన్నెలు. స్టీలువి, ఇత్తడి గాదు. వంటింట్లోకి." రెండో మూట మీద దెబ్బ దిగబడిపోయినట్టు పడింది. "బట్టలు. పడకగది." మూడోది కొట్టి, ఆగి, కొంచెం కదిలించాడు. "పటాలు. అద్దం ఉండాది, మెల్లిగా." మాలకొండయ్య మొదట నమ్మలేదు. ఒక్కొక్క సంచికీ చిన్న గాటు పెట్టి పురికొస లాగి చూశాడు. మొదటిదానికి ఒక ముడి. రెండోదానికి మూడు. మూడోదానికి రెండు. నాలుగో మూటనుంచి చూడటం మానేసి, బావ చెప్పిన గదికి మొయ్యడం మొదలుపెట్టాడు.

పదిహేడో మూట కొట్టి పెంచలయ్య బట్టలన్నాడు. కామాక్షి పడకగదిలో విప్పి చూసి పిలిచింది. "ఆవకాయ జాడీలయ్యా! పాత చీరలు చుట్టి పెట్టినా."

"నేను చీరల సంగతి చెప్పినా" అని పెంచలయ్య నవ్వాడు. నాలుగు నెలల్లో నేను విన్న మొదటి నవ్వు అది. తర్వాత ఇంకొకటి కూడా తప్పు చెప్పాడు. ఇరవై ఏడింటిలో రెండు తప్పులు. కాఫీ తాగే వేళకి హాలు ఖాళీ అయింది. ఎక్కడి మూటలు అక్కడ గోడకి చేరాయి. మధ్యలో అతను కర్ర లేకుండా ఇటునుంచి అటు నడిచి చూసుకున్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ కామాక్షి దగ్గర ఆ గీతల పేజీ ఉందిగా. మర్నాటినుంచి పాత ఇంటిని కొత్త ఇంట్లో నిలబెట్టడం మొదలుపెట్టింది. పాత వంటింట్లో అలమర కుడిచేతి వైపు కాబట్టి ఇక్కడా కుడివైపే పెట్టింది. కానీ ఇక్కడ తలుపు ఎదురువైపునుంచి కావడంతో, లోపలికొచ్చే మనిషికి అది ఎడమచేతికి పడింది. అతను అలవాటుగా చెయ్యి చాస్తే గోడ తగిలేది. పాత ఇంట్లో నీళ్ళకుండ ఉన్న మూలకి ఇక్కడ కిటికీ వచ్చింది. మూడు రోజుల్లో రెండు గ్లాసులు పగిలాయి, అతని కణత మీద బొప్పి కట్టింది. ప్రతిసారీ ఆవిడ పరిగెత్తుకొచ్చేది. ప్రతిసారీ అతను "ఏం లేదులే" అనేవాడు.

నాలుగో రోజు పొద్దున, బొప్పికి ఆవిడ పసుపు రాస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు. "పాత ఇల్లు ఇక్కడ పెట్టబాక మే. అది ఆడే వదిలేసొచ్చినాం. అన్నీ మళ్ళీ కింద పెట్టు. నేను సర్దుకుంటా."

"నువ్వా?"

"యాడ పెట్టాల్నో నువ్వు నేర్పితే నేను గుర్తు పెట్టుకోవాల. నేనే పెడితే గుర్తెందుకు?"

ఆవిడ పసుపు చెయ్యి కొంగుకి తుడుచుకుంది. అతనికి ఇల్లు మారినట్టే ఉండకూడదని ఆశపడి గీసిన పేజీ అది. తర్వాత లేచి డబ్బాలన్నీ కిందికి దించింది.

ఎనిమిది రోజులు పట్టింది. డబ్బాని చెవి దగ్గర ఊపి చూసి, మూత తీసి వాసన చూసి, తన చేతికి ఎక్కడ వీలుగా అందుతుందో అక్కడ పెట్టుకున్నాడు. కామాక్షి గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని చూసేది. సాయం చెయ్యకుండా ఉండటం ఆవిడకి అసలు రాని విద్య. ఆ చేతులు కట్టుకోవడమే పెద్ద పని.

"పసుపు డబ్బా అంత కిందనా? నేను వంగలేనయ్యా."

"నీకు కళ్ళుండాయి గదా. వంగు."

ఇద్దరూ నవ్వుకున్నారు. పసుపు మాత్రం కిందే ఉండిపోయింది.

ఇదంతా జరిగి ఆరేళ్ళవుతోంది. నన్ను మళ్ళీ లోపలికి తీసుకెళ్ళలేదు. వరండాలోనే ఉండిపోయాను. ఇంటి చెప్పులన్నీ నాలో ఉంటాయి. వెండి కాగితం ఎప్పుడో చినిగిపోయింది, ఒక పక్క అంచు రేకు తుప్పు పట్టింది. టీపొడి వాసన పోయిందో ఉందో నాకు తెలియదు, ఎవరి వాసన వాళ్ళకి తెలియదు కదా. ఒకప్పుడు చివర ఎక్కి ముందు దిగడమే గొప్ప అనుకునేదాన్ని. ఇప్పుడు ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు. వీధిలో సామాన్ల లారీ వెళ్తే మాత్రం లోపల ఎవరు ఏ మూల ఏడుస్తున్నారో అనిపిస్తుంది.

ఈరోజు పొద్దున పెంచలయ్య నా మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. వీధి చివర టీ అంగడిలో అతనికి నలుగురు స్నేహితులున్నారు. లోపల్నుంచి కామాక్షి కేకేసింది.

"ఏమయ్యా, సూదీ దారం యాడ పెట్టినావు? అరగంట నించీ ఎతకతా ఉండా."

"అద్దం కింద సొరుగులో, ఎడమపక్క. మాత్రల డబ్బా ఎనక."

సొరుగు లాగిన చప్పుడైంది. "ఆఁ, దొరికింది" అంది ఆవిడ.

అతను లేచాడు. కర్రతో ఒకసారి మెట్టు అంచు చూసుకుని, మూడు మెట్లూ దిగి, గేటు తీసుకుని వీధిలోకి నడిచాడు. ఆవిడ గుమ్మం దాకా కూడా రాలేదు. లోపల కూర్చుని సూదిలోకి దారం ఎక్కించుకుంటోంది.